ఇనుపతీగ పట్టిన కమ్మరి

కుంతలగిరి రాజు గజవర్మకు తొందరెక్కువ, ఆలోచన తక్కువ. కోటవాకిలికి మాలతీతీగ లాంటి ఇనుప తలుపు కావాలని కమ్మరి నాగోజును పిలిపించాడు. నాగోజు కోటలోనే కొలిమి పెట్టి, ఎక్కడా నిటారు కడ్డీ అన్నది లేకుండా, ఇనుమునే మెలితిప్పి తీగలూ ఆకులూ మొగ్గలూ సాగగొట్టాడు. కాల్చిన తీగను మూడు రోజులు బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చాలని, అది తమ కొలిమి ఆచారమని విన్నవించాడు. రాజు వింటేగా! మర్నాడే ఊరేగింపు ఉందంటూ, ఎర్రగా కాలిన ఇనుము మీద తన చేత్తోనే కడివెడు నీళ్లు కుమ్మరించాడు.

ఇనుము బుస్సుమంది. తీగలు పైకి లేచి, పక్కనే ఉన్న నాగోజును మోకాళ్ల దాకా చుట్టేశాయి. రోజుకో మెలిక చొప్పున పైకి పాకసాగాయి. గొంతు చేరితే ప్రాణం పోవడమే. ఇంత జరిగినా ఆ రాజు ఏమన్నాడో తెలుసా పిల్లలూ? ఇంకో కమ్మరిని పిలిచి ఇంకో తలుపు చేయించమన్నాడు! చెబుతుంటే నాకే ఒళ్లు మండుతోంది, ఇక నాగోజు కూతురు ఈరమ్మకు ఎలా ఉంటుంది?

తండ్రిని విడిపించే ఉపాయం వెతుక్కుంటూ ఆమె సుత్తి భుజాన వేసుకుని అడవిలోకి వెళ్లింది. దారికి అడ్డంగా పెరిగిన ఇనుపముళ్ల పొదను కొట్టి వంచి దాటింది. అవతల తపస్సు చేసుకుంటున్న ముని ఆమె గోడు విన్నాడు. నల్లగుహలోని రాక్షసుడి దగ్గర ఆరని నిప్పు ఉందని, ఆ సెగ తగిలితేనే తీగ మెత్తబడుతుందని చెప్పాడు.

రాక్షసుడు ఆమెను చూసి పళ్లు నూరాడు. "నిప్పు ఇస్తాను. బదులుగా నీ కోపం ఇచ్చిపో. నా తిండి అదే," అన్నాడు.

"కోపం ఇవ్వను. అది మా రాజుకు అప్పజెప్పాలి," అంది ఈరమ్మ.

గుహ అదిరేలా నవ్వాడు రాక్షసుడు. "వచ్చినవాళ్లంతా ఇచ్చేసి పోయినవాళ్లే. నువ్వొక్కదానివే కాదన్నావు. పట్టుకుపో. కానీ నీళ్లు పోసిన చెయ్యే కొలిమితిత్తి ఊదాలి. లేకపోతే ఆ తీగ వంగదు."

ఆమె తిరిగి వచ్చేసరికి మెలికలు నాగోజు ఛాతీ దాటాయి. తిత్తి ఊదడం రాజుల పని కాదన్నాడు గజవర్మ. ఈరమ్మ నిప్పుల మూకుడు పట్టుకుని సింహాసనం దాకా వచ్చింది.

"ఊదకపోతే ఈ నిప్పు మీ సింహాసనం కింద పెడతాను. ఇది ఆరదు మహారాజా."

పొద్దుగుంకే దాకా ఊదాడు రాజు. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కో ఆకూ ఒక్కో తీగా వదులయ్యాయి. నాగోజు తన కూతురి ఒడిలోకి ఒరిగాడు. ఎలాగైనా ఆమెను శాంతపరచాలని రాజు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు.

"మీ రాజ్యం మీరే ఉంచుకోండి," అంది ఈరమ్మ. "మా నాయన నడవలేడు. ఇంటిదాకా మోయండి."

గజవర్మ కిరీటం తీసి పక్కన పెట్టి, నాగోజును వీపున ఎక్కించుకున్నాడు. కమ్మరివీధి చాలా దూరం. ముందు నడిచిన ఈరమ్మ అతన్ని ఒక్కచోట కూడా ఆగనివ్వలేదు.