పెన్నుల పెట్టెలో కర్పూరం

యువశ్రీ చెప్పులు విప్పడం కూడా మరిచి ఆఫీసులోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయన కళ్ళు నేనే పోగొట్టినానంట మేడం. నన్ను ఇంట్లోకి రానీలేదు" అంది.

రాజపాళయం పాత బస్టాండు వెనక మేడ మీద ఉంది కె. మంగళం డిటెక్టివ్ ఆఫీసు. వచ్చే కేసుల్లో ముక్కాలు భాగం పెళ్ళి సంబంధాల ఆరాలే. ఆ ఆరాల పుణ్యమా అని ఊళ్ళో సగం మందికి ఆమె పేరు చెబితే హడలు. అసిస్టెంటు రామ్‌కుమార్‌కి మాత్రం ఆమె తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందనే నమ్మకం.

యువశ్రీ చెప్పిన సంగతి ఇదీ. భర్త రాజ్‌మోహన్‌కి పాత ఇంకుపెన్నులు బాగుచేసే సరదా కొత్తగా పట్టుకుంది. సేత్తూరులో ఆమె పుట్టింటి అటక మీదున్న పెన్నులన్నీ తెచ్చుకున్నాడు. లోపల ఇంకు నిలిచే రబ్బరు సంచులు, వాటిని అతికించే లక్క, పౌడరు, భూతద్దం, పట్టకారు అన్నీ తెప్పించుకున్నాడు. బిగిసిన పెన్నును వేడిగాలి ఊది వదులుచేసే హీట్ గన్ మాత్రం ఆమె పుట్టినరోజు కానుకగా ఇచ్చింది. దానితో ఒక నల్ల పెన్నుకు వేడిగాలి పట్టిస్తుంటే, అది భగ్గుమని ముఖానికి అంటుకుంది. రెండు కళ్ళూ పోయాయి. పెన్ను ఆమె పుట్టింటిది, గన్ను ఆమె కొన్నది. ఇంకేం కావాలి? ఆడపడుచు పంకజవల్లి ఆమెను వాకిట్లోకి నెట్టి తలుపేసింది. భర్త చిన్నాయన కుమారేశన్ అదే న్యాయమన్నాడు.

"మీ ఆయన ఏమన్నాడు?" మంగళం అడిగింది.

"ఏమీ అనలేదు మేడం. మంచం మీదే ఉండి అంతా విన్నారు." అంతవరకు నిబ్బరంగా ఉన్న పిల్ల అక్కడ ఏడ్చేసింది. "నేను చేయలేదని ఆయనకు తెలిస్తే చాలు. ఆయన పక్కన ఉండనిస్తే చాలు."

ఆ మధ్యాహ్నమే మంగళం ఆ ఇంటికి వెళ్ళింది. రాజ్‌మోహన్ కళ్ళకు కట్టుతో పడుకుని ఉన్నాడు. నేర్చుకుంటున్నవాడే అయినా అజాగ్రత్త మనిషి కాదు. సెల్యులాయిడ్‌తో చేసిన పెన్నుకు వేడి తగిలితే మంట లేస్తుందని అతనికి తెలుసు. గుడ్డ మీద రుద్ది వాసన చూసేవాడు. కర్పూరం వాసన కొడితే అది కర్పూరం కలిపి చేసే సెల్యులాయిడ్, ఎర్ర డబ్బాలోకి పోతుంది. రబ్బరు వాసన కొడితే ఎబొనైట్ అనే గట్టి రబ్బరు, వేడికి భయం లేదు, కొయ్యపెట్టెలోకి పోతుంది. ఈ వరసంతా రోజూ భోజనాల దగ్గర అందరికీ చెప్పేవాడట.

"ఆ పొద్దు వాసన చూడలేదా?"

"చూసినాను మేడం. కర్పూరం వాసనే వచ్చింది. అయితే కొయ్యపెట్టెలో అక్క కర్పూరం బిళ్ళలు పెట్టింది, తుప్పు పట్టకూడదని. ఆ పెట్టెలోవన్నీ అదే వాసన గదా. పెట్టె వాసన అనుకున్నాను."

పక్కనే కూర్చుని పంకజవల్లి అతనికి గంజి తాగిస్తోంది. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది ఆమే, తను పెళ్ళి కూడా చేసుకోలేదు. కర్పూరం పెట్టిన మాట నిజమేనంది. తండ్రి కూడా పనిముట్ల పెట్టెలో అలాగే పెట్టేవాడట. అంతకుమించి తమ్ముడి సామాను తను ముట్టలేదనీ, ఎర్ర డబ్బాలో ఏముందో తనకు తెలియదనీ చెప్పింది.

మంగళం పని గదంతా వెతికింది. పనిముట్ల సొరుగులో పట్టకారు ఎర్రగా తుప్పు పట్టి ఉంది. అక్కడ ఒక్క కర్పూరం బిళ్ళ లేదు. కొయ్యపెట్టెలో మాత్రం పెన్నుల సందుల్లో బిళ్ళలు దట్టించి ఉన్నాయి. పెన్నులకున్నవన్నీ బంగారు పాళీలు. రామ్‌కుమార్ భక్తిగా చూశాడు గానీ, పాపం, అతనికి ఏమీ వెలగలేదు.

మర్నాడు అందరినీ రాజ్‌మోహన్ గదిలో కూర్చోబెట్టింది. యువశ్రీ గడప దాటుతుంటే కుమారేశన్ లేచాడు. మంగళం ఒక్క చూపు చూసేసరికి మళ్ళీ కూలబడ్డాడు.

కొయ్యపెట్టెలోంచి ఒక నల్ల పెన్ను తీసి, గుడ్డ మీద గట్టిగా రుద్ది, కర్పూరం మాటున రబ్బరు వాసన ఉందని చూసుకుని, పంకజవల్లి చేతికిచ్చి గట్టిగా పట్టుకోమంది. హీట్ గన్ పెట్టి రెండో కొసకు గాలి పట్టించింది. పంకజవల్లి విసుగ్గా నిలబడిందే తప్ప జంకలేదు. తర్వాత ఎర్ర డబ్బా తెరిచి ఇంకో నల్ల పెన్ను తీసి చాచింది. గన్ను ఇంకా ఎత్తనైనా లేదు, పంకజవల్లి చెయ్యి వీపు వెనక్కి పోయింది.

"ఈ డబ్బాలో ఏముందో తెలియదంటిరి. మరి చెయ్యి ఎందుకు దాచినారు?"

మంగళం మిగతాది నెమ్మదిగా చెప్పింది. తుప్పుకే కర్పూరమైతే అది పట్టకారు దగ్గర ఉండాలి. బంగారానికి తుప్పేమిటి? ఆ పెట్టెలో బిళ్ళలు దట్టించింది తమ్ముడి ముక్కును ఏమార్చడానికి. అతనికి ఆ వాసన అలవాటయ్యాక ఎర్ర డబ్బాలోంచి ఒక పెన్ను తీసి అందులో కలిపింది. కానుకగా వచ్చిన గన్నుతోనే కాలాలి, నింద మరదలి మీదే పడాలి, అదీ ఆమె ఎత్తు.

"చెయ్యి కాలితే చాలనుకున్నా" అంది పంకజవల్లి. ఆమె గొంతులో పశ్చాత్తాపం లేదు, ఉక్రోషమే ఉంది. "నేను కలిపి పెట్టనిదే వాడికి అన్నం దిగేది కాదు. ఇది ఈ ఇంటికి వచ్చినాక నన్ను పిలవడమే మానేసినాడు. ఇప్పుడు చూడండి, పొద్దున లేస్తే అక్కా అంటాడు."

కుమారేశన్ కండువా దులుపుకుని ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

"యువా, ఉన్నావా?" రాజ్‌మోహన్ గాలిలో చెయ్యి చాపాడు. "నన్ను వదిలి పోవద్దు."

ఆమె మంచానికి జానెడు దూరంలోనే ఉంది. చెయ్యి అందివ్వలేదు.

"నువ్వు చేసినావా అని నన్ను ఒక్క మాట అడిగినారా? నన్ను వాకిట్లోకి తోస్తుంటే వింటా పడుకున్నారు. మీ పక్కన ఉంటే చాలని నిన్నటిదాకా ఏడ్చినా. ఇప్పుడు వద్దు."

ఆమె వెళ్ళిపోయింది. పోలీసులకు ఫిర్యాదు రాసిస్తావా అని మంగళం అడిగితే, రేపు చెబుతానన్నాడు రాజ్‌మోహన్. గెలిచిన కేసుకు సంతోషించాలో లేదో తెలియక రామ్‌కుమార్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మంగళం అతన్ని కూడా రమ్మని సైగ చేసి మెట్లు దిగింది.

రాజ్‌మోహన్ చాలాసేపు చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఇంట్లో ఎవరి అలికిడీ లేదు. కట్టు కింద పుండు సలపడం మొదలైంది.

"ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నా రా. కట్టు మార్చాలి, ఇట్లా తిరుగు" అంది అక్క.

అతను కాసేపు కదలలేదు. తర్వాత ముఖం ఆమె వైపు తిప్పాడు.