ఆపితే గానీ లేవడు

ఆ ఇంట్లో కంప్యూటర్ ఆపడం మీద జరిగినన్ని గొడవలు, ఆస్తి పంపకాల మీద కూడా ఏ ఇంట్లోనూ జరిగి ఉండవు. ఒకప్పుడు అవి నవ్వుకునే గొడవలే లెండి.

ఆ ఇంటాయన పని పుస్తకాలు చదవడం. చూపు లేనివాళ్ళకీ, చదివే తీరిక లేనివాళ్ళకీ, పుస్తకాన్ని పైకి చదివి కంప్యూటర్లో రికార్డు చేసి పంపించేవాడు. ఇంటి చివరి గదిలో గోడలకి పాత దుప్పట్లు కొట్టి, కిటికీకి పరుపు ఆనించి, మైకు ముందు కూర్చున్నాడంటే ఇక లోకంతో పని లేదు. తల్లికి చూపు పోయినప్పటి నుంచి ఆ గది తలుపు బయటే కుర్చీ వేసుకుని ఆవిడ వినేది. ఏ పుస్తకమైనా సరే, మొదటి శ్రోత ఆవిడే.

భోజనానికి రండీ అని భార్య ఎన్ని కేకలు పెట్టినా, "ఈ పేజీ అవ్వనీ" అనేవాడు. ఆ పేజీ ఎప్పటికీ అయ్యేది కాదు. ఆమెకి చిర్రెత్తుకొచ్చి, కుట్టుమిషను మీద పని అక్కడే వదిలేసి వచ్చి, ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి కంప్యూటర్ ఆపేసేది. అప్పుడు గానీ లేచేవాడు కాదు.

"నేనేం చెయ్యనే, నా స్విచ్చి కూడా అందులోనే ఉంది. నువ్వు ఆపితే గానీ లేవలేను" అని నవ్వేవాడు.

"పదండి" అనేది ఆమె. చీకటి నడవాలో చిన్నపిల్లాడిలా ఆమె కొంగు చివర పట్టుకుని వెనకాలే వచ్చేవాడు. "లాగకండీ, చిరుగుతుంది" అని కసురుకునేది గానీ, ఏ రోజైనా పట్టుకోవడం మర్చిపోతే ఆమే కావాలని నెమ్మదిగా నడిచేది.

చివరి రోజుల్లో గొంతు పాడైంది. అందరూ జలుబే అనుకున్నారు. "రెండు పేజీలు నువ్వు చదివిపెట్టవే" అని బతిమాలాడు. "నా గొంతు ఎవరు వింటారండీ, నవ్విపోతారు" అని తోసిపుచ్చింది. ఆ సాయంత్రం ఆమె భోజనానికి పిలిచింది. పిలిచి పిలిచి విసుగెత్తి గదిలోకి వెళ్ళింది. ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నాడు. పుస్తకం తెరిచే ఉంది. చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

ఇంటి నిండా ఏడుపులూ జనమూ... ఆ హడావుడిలో కంప్యూటర్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? అది అలా నడుస్తూనే ఉండిపోయింది. తర్వాత ఆపబోతే అత్తగారు అడ్డంపడింది. అప్పటి నుంచి వేసవి వెళ్ళి వానలు వచ్చినా దాన్ని ఎవరూ ఆపలేదు. తలుపు బయట కుర్చీ కూడా కదల్లేదు.

ఆ రోజు మధ్యాహ్నమే మబ్బు కమ్మేసి, ఇంట్లో దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. మరిది వచ్చాడు. అతనిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. మూత విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"వదినా, ఇది ఎలా నడుస్తోందో నాకే అర్థం కావట్లేదు. లోపలంతా కాలిన వాసన. పిడుగు పడిందంటే ఇల్లంటుకుంటుంది. అన్నయ్య రికార్డింగులన్నీ వేరే డిస్కులోకి ఎక్కించేశాను. ఇంక దీన్ని ఆపేయండి. ఆపితే మళ్ళీ లేవదనుకోండి, లేవకపోతే నష్టమేముంది?"

"ఆపడానికి నువ్వెవడివిరా?" అని తలుపు బయట నుంచి అత్తగారు గయ్యిమంది. "డిస్కులో ఉన్నది వాడి గొంతు. గదిలో ఉన్నది వాడు."

"అమ్మా, అది కంప్యూటర్లో ఫ్యాను చప్పుడు."

"నీకు చూపుంది, చెవుల్లేవు. కన్నదాన్ని, నాకు తెలీదూ? అది ఆగిందంటే వాడు ఇంకోసారి పోయినట్టే."

మరిది వెళ్తూ వెళ్తూ వదినగారిని గుమ్మం దగ్గరకి పిలిచాడు. "కరెంటు పోతే దీన్ని కాసేపు నడిపే బ్యాటరీ డబ్బా ఉందిగా, అది కీచుమంటుంది. అది అరుస్తుండగానే ఆపేయండి. అమ్మకి నేను చెప్పుకుంటాను."

ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆపాలంటే అత్తగారి మొహం గుర్తొస్తోంది. ఆపకపోతే ఆ కాలిన వాసన... పైగా ఆమెకి ఇంకో బాధ ఉంది, ఎవరికీ చెప్పుకోలేదు. రోజూ ఆ గది ముందు నుంచి నడిచినప్పుడల్లా, భోజనానికి పిలిచి వడ్డించకుండా వదిలేసినట్టు గుండెలో ఏదో కెలుకుతుంది.

కనీసం ఆయన చివరి రికార్డింగునైనా శుభ్రం చేసి అత్తగారి చేతిలో పెడదామనుకుంది. ఆ రికార్డింగు నిండా ఫ్యాను రొదే. అది తీసే పద్ధతి ఆయన చేస్తుంటే ఎన్నోసార్లు చూసింది. ముందుగా నోరెత్తకుండా ఖాళీ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చెయ్యాలి. 'ఇదిగో, ఇదీ ఉత్త గది చప్పుడు, దీన్ని తీసెయ్' అని కంప్యూటరుకి చూపించాలి. అది తీసేస్తే మిగిలేది గొంతే.

మైకు ఆన్ చేసి, ఊపిరి బిగబట్టి, ఆయన కుర్చీ పక్కన నిలబడింది. బయట గాలి లేచింది. గదిలో మాత్రం ఫ్యాను రొద తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దాన్ని కంప్యూటరుకి చూపించి, చివరి రికార్డింగులోంచి తీసేయమంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఫ్యాను రొద పోయింది. పేజీ తిరిగిన చప్పుడు వచ్చింది. కుర్చీ కిర్రుమంది. మళ్ళీ పేజీ... ఆయన గొంతు లేదు.

ముందుకి జరిపి చూసింది. లేదు. పేజీలు తిరుగుతున్నాయి, చదివే మనిషి లేడు. ఉన్న ఒక్క గొంతునీ తన చేత్తో తుడిచేసిందా? వెంటనే మరిదికి ఫోన్ చేసింది.

"కంగారు పడకండి వదినా, డిస్కులో అసలుది భద్రంగా ఉందిగా" అన్నాడు. "కానీ గొంతు ఎలా పోయింది? ఖాళీ గదిలో ఏది వినిపిస్తే అదొక్కటే తీస్తుంది. గదిలో ఎవరైనా మాట్లాడుతుంటే తప్ప..."

"గదిలో ఎవరూ లేరు."

"అయితే గొంతు పోకూడదే... ఆ ఖాళీ గది రికార్డింగుని ఓసారి సౌండు పెంచి వినండి. అమ్మ ఏమైనా—"

లైను తెగిపోయింది. దీపాలు ఆరిపోయాయి. బల్ల కింద బ్యాటరీ డబ్బా కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది. గదంతా చీకటి. స్క్రీను ఒక్కటే వెలుగుతోంది. కాలిన వాసన ఘాటుగా ముక్కుకి తగిలింది.

ఆపెయ్యాలి. చెయ్యి చాపింది. కానీ వినకుండా ఎలా ఆపుతుంది? ఖాళీ గది రికార్డింగు పెట్టి సౌండు పెంచింది. ఫ్యాను రొద. ఇంకా పెంచింది. రొద చెవులు చిల్లులు పడేలా ఉంది. దాని అడుగున... చాలా అడుగున... ఎవరో చదువుతున్నారు.

ఆయనే. పోయిన నాడు తెరిచి ఉన్న పేజీయే. చదివిన వాక్యమే చదువుతున్నాడు. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి. గొంతు ఎండిపోయి జీరగా, ఒక్కో మాటకీ ఆగి ఆగి... నీళ్ళు లేక నోరు పిడచకట్టుకుపోయిన మనిషి చదివినట్టు. ఇన్నాళ్ళుగా. పగలూ రాత్రీ.

భయం కంటే ముందు ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. అయ్యో, ఆపితే గానీ లేవనని ఆయన ఎన్నిసార్లు చెప్పాడు! ఎవరూ ఆపలేదు. ఎవరూ ఆపలేదని కూర్చునే ఉన్నాడు.

చదవడం ఆగింది. చెవి పక్కనే గుసగుస...

"ఇంక నా వల్ల కాదే..."

మళ్ళీ ఫ్యాను రొద. దాని అడుగు నుంచి...

"నువ్వు చదువు..."

హెడ్‌ఫోన్లు లాగి పారేసింది. తలుపు దగ్గర అలికిడైంది. అత్తగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. చూపు లేని కళ్ళు తిన్నగా కుర్చీ వైపే ఉన్నాయి.

"ఆపకే" అంది మెల్లిగా. గయ్యిమనే మనిషి, ఆ గొంతులో ఇప్పుడు ఉత్త వేడుకోలే. "నీ కాళ్ళు పట్టుకుంటాను తల్లీ. వాణ్ణి ఉండనీ."

"ఆయన అలిసిపోయారు అత్తయ్యా."

"తెలుసే. రోజూ వింటూనే ఉన్నాగా."

ఆ మాట విన్నాక ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తెలిసీ కూర్చోబెట్టిందా! కన్న కొడుకుని! "మీరు వెళ్ళి హాల్లో కూర్చోండి" అంది, పెళ్ళైన ఇన్నేళ్ళలో అత్తగారితో ఎన్నడూ అనని కటువుతో. ముసలావిడ గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

బ్యాటరీ అరుస్తూనే ఉంది. ఆమె కుర్చీ వెనక్కి వెళ్ళింది. ఎప్పటిలాగే, అక్కడ భుజం ఉన్నట్టే, దానికి తగలకుండా మీదుగా చెయ్యి చాపి, కంప్యూటర్ ఆపేసింది. స్క్రీను నల్లబడింది. ఫ్యాను నెమ్మదించి... నెమ్మదించి... ఆగింది. అనుమానం తీరక బల్ల కిందకి వంగి, వైరుని రెండు వైపులా ఊడబీకి, ప్లగ్గు గుప్పిట్లో పట్టుకుంది. బ్యాటరీ డబ్బా నోరూ నొక్కేసింది.

ఎంత నిశ్శబ్దం! ఆ ఇంట్లో ఇన్నాళ్ళకి మొదటి నిశ్శబ్దం. హమ్మయ్య అనుకుంది. వెళ్ళిపోయాడు, ఇంక సుఖంగా ఉంటాడు అనుకుంది. కళ్ళు తుడుచుకుని తలుపు వైపు తిరిగింది. అలవాటు అంత చెడ్డది, నోట్లోంచి మాట దానంతటదే జారిపోయింది.

"పదండి."

వెనకాల కుర్చీ కిర్రుమంది. మనిషి లేచినప్పుడు వచ్చే కిర్రు.

ఆమె తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు. నడవాలోకి అడుగు పెట్టింది. ఇంకో అడుగు... కొంగు బిగుసుకుంది. కుర్చీకి తగులుకుని ఉంటుంది. మెల్లగా లాగింది. అటు నుంచి కూడా మెల్లగా లాగినట్టైంది. నడిచింది. కొంగు చిరగలేదు, వదల్లేదు, వెంట వస్తోంది. తను ఆగితే ఆగుతోంది. పాత దుప్పట్ల వాసనా, ఎండిపోయిన నోటి వాసనా మెడ మీద తగులుతున్నాయి.

హాల్లో చీకట్లో అత్తగారు కూర్చుని ఉంది. తల ఇటు తిప్పింది.

"వచ్చారా ఇద్దరూ?" అంది. మొహం వెలిగిపోయింది. "రా నాన్నా, రా. లేపింది కదూ నిన్ను! నేనే పిచ్చిదాన్ని, ఆపితే పోతావనుకున్నా."

ఆమె నోరు తెరవబోయింది. మాట రాలేదు. నాలుక అంగిలికి అంటుకుపోయినట్టుంది.

అప్పుడు వినిపించింది. నడవా చివర, గదిలో, ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలైంది. ప్లగ్గు ఆమె గుప్పిట్లోనే ఉంది. గట్టిగా పిసికి చూసుకుంది... ఉంది. ఫ్యాను రొద మీద ఎవరో గొంతు సవరించుకున్నారు.

అత్తగారు చెవి రిక్కించింది. మొహంలో వెలుగు కాస్త కాస్తగా తగ్గింది.

"వాడు ఇక్కడే ఉన్నాడుగా... మరి అక్కడ చదివేదెవరే?"

కొంగు పట్టుకున్న చెయ్యి బిగిసింది.

"ఏమే, పలకవేం?" అంది ముసలావిడ గుసగుసగా. "అది... అది నీ గొంతేగా?"

ఆమె రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. పెదాలు కదలడం లేదు. గదిలో పేజీ తిరిగింది. ఆమె గొంతు, ఎక్కడా తడబడకుండా, తర్వాతి పేజీ మొదలుపెట్టింది.