రెండో వాయి

పొద్దున్నే ఫోను మోగిందంటే ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లిద్దరికీ గుండె దడే. ఆ వేళకి వచ్చే వార్త మంచిది కాదని వాళ్లకి అనుభవం. గడ్డం గీసుకుంటున్న మెకానిక్కు సగం నురగ ముఖంతోనే వచ్చి ఫోనెత్తాడు. అవతల అక్క. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. రోగులకే కాదు, డాక్టర్లకి కూడా ఆవిడంటే హడల్. వెనకాల అందరూ సార్జెంటమ్మ అంటారు, తమ్ముడితో సహా.

"ఒరేయ్, నిన్న పిట్ట బళ్లో కళ్లు తిరిగి పడిపోయిందట. తెలుసా నీకు?"

"పడిపోవడమేంటి? ఎవరు చెప్పారు?"

"బడివాళ్లే. నీకు చేస్తే ఎత్తలేదట. ఏ బస్సు కింద దూరావో ఏమో. నాకు చేశారు. నేను వార్డు వదిలి కదల్లేకపోయాను. కాసేపు పడుకోబెట్టి, గ్లూకోజు నీళ్లు తాగించి పంపారట. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయిందని ఆ టీచరు చెబుతుంటే నా ప్రాణం ఉసూరుమంది."

"అక్కా, అది నాకు ఒక్కముక్క కూడా..."

"చెప్పదు. నీకెందుకు చెబుతుంది? సాయంత్రం వస్తున్నాను. దాని బట్టలు సర్ది ఉంచు. నాతో తీసుకుపోతాను."

"అంత తొందరేంటక్కా, కాస్త ఆలోచించనీ."

"ఏడాది ఆలోచించావు, చాలదూ? పాలొద్దు, గుడ్డొద్దు, మాంసం వద్దు అని పిల్ల పట్టుబట్టింది, బాగానే ఉంది. దాని ఇష్టం దానిది. కానీ అలా తినేవాళ్లకి వండి పెట్టడం తెలిసుండాలిరా. నీకు తెలిసిందేమిటి, స్పానరు తిప్పడం తప్ప?" అని ఠక్కున పెట్టేసింది.

పిట్ట అంటే మెకానిక్కు కూతురు. చిన్నప్పుడు ఊపిరి తీసుకోకుండా వాగేదని తల్లి ముద్దుగా పెట్టిన పేరు. ఇప్పుడు తొమ్మిదో తరగతి, నోట్లోంచి మాట రావాలంటే గగనం. జంతువుల నుంచి వచ్చేదేదీ తిననని రెండేళ్ల కిందట తనంతట తనే చెప్పింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మాన్పించలేకపోయారు. తల్లి నాలుగు రోజులు గొణిగి, ఐదో రోజు నుంచి దానికి తగ్గట్టు వండటం మొదలుపెట్టింది. ఆ తల్లి ఏడాది కిందట జ్వరమని ఆసుపత్రికి వెళ్లి మళ్లీ రాలేదు.

మెకానిక్కు అప్పటిదాకా పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. మొదట్లో బ్రెడ్డూ అరటిపండ్లతో ఎలాగో నెట్టుకొచ్చాడు. తర్వాత పట్టుదల వచ్చింది. డిపో గేటు పక్కన నూడుల్స్ బండివాడి దగ్గర నిలబడి గమనించాడు. ముక్కలన్నీ ముందే తరిగి పెట్టుకోవాలి, బాణలి పొగలు కక్కేలా కాలాలి, గట్టివి ముందు, మెత్తవి తర్వాత, ఒకసారి మొదలెట్టాక పక్క చూపు చూడకూడదు. చిటికెలో అయిపోతుంది. ఇంజను పనిలాగే ఉందే అనుకుని మురిసిపోయాడు. బండివాడు ముచ్చటపడి తను కాచే నల్ల సాసు ఒక సీసా ఇచ్చాడు. అప్పట్నుంచి రాత్రి భోజనం అదే, మిగిలింది మర్నాడు పిట్ట బాక్సులోకి. రెండు నెలలుగా ఆ ఇంట్లో క్యాబేజీకి, క్యారెట్‌కి, సోయా పాలతో చేసే టోఫుకి ఊపిరాడటం లేదు.

ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లాడు. పిట్ట జడ వేసుకుంటోంది.

"నిన్న పడిపోయావట?"

రిబ్బను మీద వేళ్లు ఆగాయి. "ఎండకి నాన్నా. ఏం కాలేదు."

"నాకు చెప్పొద్దా?"

"అలిసిపోయి వచ్చావు కదా."

బాక్సు చేతికిచ్చాడు. దాన్ని సంచిలో పెట్టుకుంటున్న పిల్ల మణికట్టు చూశాడు. గడియారం వదులుగా జారి మోచేతి దాకా పోతోంది. ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది? తను చూడలేదా, చూసి కూడా పట్టించుకోలేదా?

"సాయంత్రం అత్త వస్తోంది. నిన్ను వాళ్లింటికి తీసుకెళ్తానంటోంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను... ఆలోచిస్తానన్నాను."

పిట్ట తలూపింది. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. వీల్లేదు అనాల్సిన చోట ఆలోచిస్తానని అన్నాడని అతనికి అప్పుడే గుచ్చుకుంది. కానీ గట్టిగా అనడానికి గొంతు లేదు. పిల్ల పడిపోయింది. పెంచేది తను. ఇక మాట్లాడటానికి ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతాడు?

కింద మెట్ల దగ్గర టైలరు తాత కుట్టుమిషను ఆపి మరీ చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఈమధ్య ఆ పెద్దాయనకి మర్యాద ఎక్కువైంది. అది కూడా ఆ రోజు చిరాకే అనిపించింది.

డిపోలో పని పనిలా సాగలేదు. బ్రేకు డ్రమ్ము బిగించి, వాషరు మర్చిపోయానని మళ్లీ విప్పాడు. ఇన్నాళ్ల సర్వీసులో అలాంటి తప్పు చేసి ఎరగడు. పిల్ల వెళ్లిపోతే ఆ ఇంటికి ఎందుకు వెళ్లాలో కూడా అతనికి తెలియదు. ఒక్క భోజనం అక్క ఎదురుగా బాగా కుదిరితే చాలు, ఆవిడ నోరు మూయించవచ్చని ఆశ. పనయ్యాక బండి దగ్గర ఆగి కొత్త సీసా తీసుకున్నాడు.

"మా అక్క తినాలి. మంచిది ఇవ్వు," అన్నాడు.

"రెండు చెంచాలు ఎక్కువే తగిలించు. వేళ్లు నాక్కుంటుంది," అన్నాడు బండివాడు.

ఇంటికొచ్చేసరికి సార్జెంటమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. డ్యూటీ చీర కూడా మార్చుకోలేదు. పిట్టని కిటికీ వెలుతురులో నిలబెట్టి కింది రెప్ప లాగి చూస్తోంది. తలుపు దగ్గర పిట్ట బట్టలు సర్దిన సంచి ఉంది.

"చూడు, రెప్పలో ఎరుపనేదే లేదు. నువ్వు కళ్లుండీ కబోదివా?"

"భోంచేసి మాట్లాడదాం అక్కా. పది నిమిషాలు."

అల్లం, వెల్లుల్లి సన్నగా తరిగాడు. బీన్సు ఏటవాలుగా కోశాడు, క్యాప్సికం పొడుగ్గా చీరాడు, టోఫుని గుడ్డలో పెట్టి నీళ్లు పిండాడు. బాణలి కాలింది, నూనె పడింది, చుర్రుమంది. చివర్న నల్ల సాసు, చెప్పినట్టే రెండు చెంచాలు ఎక్కువ. అన్నంతో పాటు మూడు పళ్లేల్లో వడ్డించి తెచ్చాడు.

పిట్ట తన పళ్లెం తీసుకుని లేచింది. "నేను లోపల చదువుకుంటూ తింటాను."

"రోజూ అంతేనా?" అంది అత్త.

"దానికి హోంవర్కు ఎక్కువక్కా," అన్నాడు మెకానిక్కు.

"ఇవాళ నా ఎదురుగా తింటుంది. కూర్చో తల్లీ."

పిట్ట కూర్చుంది. చెంచాతో ముక్కల్ని ఇటు నుంచి అటు తోసింది. అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. పళ్లేన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది.

"ఇందులో రొయ్యలేశావా?"

"ఏంటి?"

"రొయ్యలురా! ఎండు రొయ్యలు. గుప్పుమంటుంటేనూ."

"నీకేమైనా పిచ్చా అక్కా? రొయ్యలెందుకు వేస్తాను? నా కూతురు ఏం తింటుందో ఏం తినదో నాకు తెలీదా?"

"తెలిసే వేశావా మరి? బలం వస్తుందని దొంగతనంగా కలిపావా? నిజం చెప్పు!"

"నా బిడ్డ మీద ఒట్టు, నేను..." అంటూ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నాన్నకి తెలీదత్తా," అంది పిట్ట, తలెత్తకుండా. "ఆ సాసులో ఉంటాయి. బండి అతను ఎండు రొయ్యలు దంచి మరిగిస్తాడు."

ఇద్దరూ పిల్ల వైపు తిరిగారు.

"నీకెలా తెలుసు?" అన్నాడు మెకానిక్కు.

"మొదటి రోజే వాసనొచ్చింది. బడినుంచి వస్తూ ఆగి చూశాను."

అతని ముక్కు డీజిలు పీల్చీ పీల్చీ ఎప్పుడో మొద్దుబారింది. గ్యాసు లీకైనా నీకు తెలీదని భార్య వేళాకోళం చేసేది. కమ్మగా ఉందనుకుని లొట్టలేసుకుంటూ తిన్నాడే తప్ప, ఆ సీసాలో ఏముందని ఒక్కనాడూ అడగలేదు. సాసంటే సాసే కదా అనుకున్నాడు.

"మరి ఇన్నాళ్లూ తిన్నావా?" అత్త గొంతు తగ్గింది.

పిట్ట లేదన్నట్టు తలూపింది.

"తినకపోతే ఆ పళ్లేలు ఎలా ఖాళీ అయ్యాయి? బాక్సు?" అన్నాడు మెకానిక్కు.

"కింద టైలరు తాతకి."

మెకానిక్కుకి ఒక్కసారిగా ఒళ్లు మండిపోయింది. సిగ్గు ముందు కోపంగానే బయటికి వస్తుంది కొందరికి. "అంటే రెండు నెలలూ నన్ను వెధవని చేశావా? ఇంటికొచ్చి నడుం వాల్చకుండా నీ కోసమే పొయ్యి దగ్గర నిలబడుతున్నానే! ఎలా ఉందమ్మా అని రోజూ అడుగుతున్నానే! బాగుంది బాగుంది అని నా కళ్లలోకి చూసి అబద్ధం చెప్పావా? నాన్నా, ఇది నేను తినేది కాదు అని ఒక్కమాట చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"అరవకురా," అంది అక్క.

"అరుస్తాను! ఆకలితో పడిపోయిందే అక్కా, నేను వండిన కూడు ఇంట్లో ఉండగా ఆకలితో పడిపోయింది! ఎందుకు చెప్పలేదు? చెప్పవే!"

"చెబితే పంపించేస్తావని!"

ఆ ఇంట్లో పిట్ట గొంతు అంత గట్టిగా వినబడి ఏడాదైంది. ఆ పిల్ల కూడా తన అరుపుకి తనే బెదిరి, వెంటనే గొంతు తగ్గించింది.

"అత్తతో ఫోన్లో అన్నావు నాన్నా. దానికి సరైన తిండి కూడా నేను పెట్టలేకపోతే ఇంక నీ దగ్గరికే పంపించేస్తానక్కా అన్నావు. నేను తలుపు వెనకాలే ఉన్నాను. తర్వాత రెండు రోజులకే ఆ సాసుతో వండావు. వండుతూ ఈల వేశావు. అమ్మ పోయాక నువ్వు ఈల వేయడం అదే మొదలు. ఇది తినలేను నాన్నా అంటే, నీకు రాలేదని నేనే చెప్పినట్టవుతుంది కదా. అప్పుడు పంపించేస్తావు కదా. బ్రెడ్డు తింటే సరిపోతుందిలే అనుకున్నాను. పడిపోతానని అనుకోలేదు."

మెకానిక్కుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట అన్నాడు. విసుగులో, చేతకానితనంలో అన్నాడు. అని మర్చిపోయాడు. పిల్ల దాన్ని పట్టుకుని రెండు నెలలు పస్తులుంది. తన దగ్గర ఉండటం కోసం తన చేతి ముద్దే వదులుకుంది.

అక్క వైపు చూశాడు. సార్జెంటమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. "ఆ రోజు నిన్ను పొడిచి పొడిచి ఆ మాట అనిపించింది నేనేరా," అంది మెల్లగా.

మెకానిక్కు కూతురి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నిన్ను పంపించి నేనేం చేస్తానే? వంట రాకపోతే నేర్చుకుంటాను. ఒకటి కుదరకపోతే ఇంకోటి చేస్తాను. బాగా లేకపోతే మొహాన కొట్టినట్టు చెప్పు, పళ్లెం విసిరికొట్టు, తిట్టు. నా ఎదురుగా ఆకలితో మాత్రం ఉండకు తల్లీ. అది నేను భరించలేను." ఇంక ఆపుకోలేక పిల్ల ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. పిట్ట తండ్రి జుట్టులో వేళ్లు పెట్టి అలాగే కూర్చుంది. దాని కన్నీళ్లు అతని మెడ మీద పడుతున్నాయి.

కాసేపటికి లేచాడు. మూడు పళ్లేలూ తీసేశాడు. సీసా తలకిందులు చేసి సింకులో ఒంపేశాడు. బాణలిని సబ్బు పెట్టి, మళ్లీ సబ్బు పెట్టి, గ్రీజు వదిలించే పట్టుదలతో తోమాడు.

"అక్కా, పిట్ట ఎక్కడికీ రాదు," అన్నాడు వెనక్కి తిరగకుండా.

"ఎవడు రమ్మన్నాడు?" అంటూ సార్జెంటమ్మ చేతులు కడుక్కుని కత్తిపీట ముందేసుకుంది. "రేపు రక్తపరీక్షకి మాత్రం తీసుకెళ్తాను. దానికి నీ పర్మిషను అక్కర్లేదు. ఆ క్యారెట్లు ఇలా పడెయ్యి. ఏం కోస్తావురా నువ్వు, ఒక్కోటీ ఒక్కో సైజు!"

పిట్ట వంటింటి గట్టెక్కి కూర్చుంది. "ఏం వెయ్యమంటావు?" అని అడిగాడు తండ్రి. కొంచెం సేపు నసిగి, తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. సోయా సాసు చాలు. అల్లం ఇంకాస్త. వేయించిన వేరుశనగ గుళ్లు కచ్చాపచ్చాగా దంచి చల్లాలి. దించాక నిమ్మకాయ పిండాలి. క్యాబేజీ అంతసేపు ఉంచకు నాన్నా, నీరు కారిపోతుంది. చెబుతూ చెబుతూ ఎప్పుడో గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. అతను చెప్పినట్టల్లా చేశాడు.

పళ్లెం చేతికివ్వగానే పిట్ట గట్టు మీదే తినడం మొదలుపెట్టింది. పెదాలు కాలుతున్నా ఊదుకోలేదు. పొలమారితే మంచినీళ్లకి కూడా ఆగలేదు. ముద్ద మింగకముందే ఇంకో ముద్ద. బిడ్డ ఆకలి ఎంతో మెకానిక్కు అప్పుడు చూశాడు. అన్నం గరిటె పట్టుకున్న చెయ్యి అక్కడే ఉండిపోయింది, కళ్లు మసకబారాయి. గోడవైపు తిరిగి భుజాలు కదిలిపోయేలా ఏడుస్తుంటే, అక్క అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని," అంది తన ముక్కు ఎగబీల్చుకుంటూ. "ముందు ఇంకో వాయి వెయ్యరా. పిల్లకి చాల్లేదు."