అందరిదీ అన్న మాట

“తోడబుట్టినదానికంటే ఎక్కువగా సూసుకున్నాను గదే నిన్ను! నువ్వు కూడానా గౌరీ...?”

గుమ్మంలో నిలబడి వదిన అమ్మడు అడిగిన ఆ మాటకు గౌరి చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. అమ్మడు, గౌరి భర్త యుగంధర్‌కు స్వయానా అక్క. తల్లి పోయాక పసివాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని, ఊరూరా చేపలమ్మి పెంచిన మనిషి. కట్టుకున్నవాణ్ణి సముద్రం తీసుకుపోయినప్పుడు కూడా నలుగురి ముందు కంటనీరు పెట్టని మనిషి. అటువంటి అమ్మడు కళ్లు ఈవేళ ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి!

“ఏటయింది వదినా? ముందు లోపలికి రా...”

“నాను రాను! పచ్చళ్ల షెడ్డు అమ్మీసినారంట గదా! హైదరాబాదోళ్లొచ్చి సూసుకుని ఎల్లినారు. పచ్చడి ఆళ్ల ఫ్యాక్టరీలోనే సేసుకుంటారంట, పై నెల నుంచి మీకు పని నేదని మనతో పని సేసే తాతమ్మతో సెప్పీసినారు. ముప్పొద్దులా నాతో పాటు రొయ్యలు ఒలిసినావు, ఒక్క ముక్క సెప్పనేకపోయినావా?”

“అబద్ధం వదినా! నాకు సెప్పకుండా నీ తమ్ముడు అంత పని సేస్తాడా?”

అమ్మడు ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. నమ్మలేదు... ఆ నమ్మకపోవడం గౌరికి స్పష్టంగా కనబడింది. వదిన మరి మాట్లాడకుండా కొంగు నెత్తిన వేసుకుని, ఆటో కూడా ఎక్కకుండా ఎండలో నడిచి వెళ్లిపోయింది.

నరసన్నపేట శివార్లలో, హైవే పక్కనున్న ఆ షెడ్డే గౌరి బతుకు. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాలు ఇంటి వసారాలో రొయ్యల పచ్చడి కలిపి బస్టాండు దుకాణాలకు వేసేవారు. తర్వాత అమ్మడు వచ్చింది. ఆమె వెంట తీరం ఊళ్ల ఆడవాళ్లు వచ్చారు. సీసా మీద గౌరి పేరే వేయించాడు యుగంధర్. కాస్త నిలదొక్కుకున్నామనుకునేసరికి తుపాను వచ్చి రేకులన్నీ ఎగరేసుకుపోయింది! సరుకంతా నీటిపాలు... ఇక మూసేయడమేనని అతను తల పట్టుకు కూర్చుంటే, ఆ ఆడవాళ్లే మోకాలిలోతు బురద ఎత్తిపోశారు. జీతాలు అందకపోయినా ఒక్కరూ మానలేదు! అమ్మడు మెడలోని గొలుసు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. ఆ రోజు యుగంధర్ అందరి ముందూ భోరున ఏడ్చాడు. “ఇది నిలబడితే మనందరిదీ అప్పా! రేపు ఏటొచ్చినా పంచుకు తిందాం” అన్నాడు అక్కతో. ఆ మాట గౌరి చెవులారా విన్నది.

వదిన వెళ్లిపోయిన మధ్యాహ్నమే యుగంధర్ మిఠాయి పొట్లంతో ఇంటికి వచ్చాడు. ఆమె అడగగానే దాచలేదు.

“నిజమే గౌరీ. మంచి బేరం. ఎల్లుండి శ్రీకాకుళంలో సంతకాలు. షెడ్డు మనిద్దరి పేరునా ఉన్నాది గదా, నువ్వూ రావాల.”

“ఎప్పటి నుంచి నడస్తన్నాది ఈ బేరం?”

అతను తల దించుకున్నాడు. “ఎండాకాలం నుంచి...”

ఎండాకాలం నుంచి! ఈ చేత్తో పెట్టిన అన్నం తింటూ, ఈ పక్కనే కూర్చుని సీసాల లెక్క చెబుతూ, వచ్చే ఏడు కొత్త పొయ్యిలు కొందామంటూ... ఎన్ని కబుర్లు చెప్పాడు! ఈ ఒక్క మాట తప్ప!

“నాకెందుకు సెప్పనేదు మావా?”

“సెప్తే అప్ప పేరెత్తుతావని. ఎత్తుతావు గదా ఇప్పుడు?”

“ఎత్తుతాను! వదినకేటిస్తావు? ఆళ్లందరికీ ఏటిస్తావు?”

“ఎవులికీ నాను బాకీ నేదు! తుపాను నెలల జీతాలు తర్వాత ఇచ్చీసినాను. అప్ప గొలుసు విడిపించీసినాను. ఇంకా వాటా ఏటి? బ్యాంకోళ్లు నోటీసు అంటించింది నా గుమ్మానికి! బెంగతో షుగరొచ్చింది నాకు! లాభంలో వాటా కావాలంటే నష్టంలోనూ ఉండాల గదా!”

“ఉన్నారు గదా మావా...!” అంది గౌరి. “ఆ రోజు ఆళ్లు ఎల్లిపోతే ఈవేళ అమ్మడానికి నీకేటుండేది? జీతం సేసిన పనికిచ్చినావు. నిన్నొదిలి ఎల్లనందుకు ఏటిచ్చినావు? పంచుకుందామన్నది నువ్వే గదా!”

“ఏడుపులో అన్న మాటే అది! అగ్రిమెంటేటి?”

గౌరి గుమ్మంలో కూర్చుంది. ఏడుస్తూ అన్న మాటకే విలువ లేకపోతే, ఇన్నేళ్లుగా నవ్వుతూ తనతో అన్నవాటికి విలువేముంది...? “పోనీ, సీసా మీద పేరు?” అంది మెల్లగా.

“పేరు కోసమే గదా ఆళ్లు కొంటన్నారు!”

“నా పేరు కూడా నన్నడక్కుండా అమ్మీసినావా!”

విప్పని మిఠాయి పొట్లానికి చీమలు పట్టాయి.

సంతకం పెట్టకూడదనే గౌరి మొదట అనుకుంది. కానీ బ్యాంకు అప్పు అబద్ధం కాదు... దానికి ఇల్లు తాకట్టులో ఉన్నదీ అబద్ధం కాదు. అందుకే భర్తతో పాటు కారెక్కి శ్రీకాకుళం వెళ్లింది. ఆడిటర్ గదిలో అందరూ కూర్చున్నాక, పెన్ను చేతిలోకి తీసుకుని ఒక్క మాట అంది.

“అయ్యా, అప్పు తీరాక మిగిలినదాంట్లో సగం నాదే గదా? నా సగం షెడ్డులో పని సేసినోళ్లకి పోవాల. అది రాసినాకే సంతకం పెడతాను.”

“మీ భాగం మీ ఇష్టమమ్మా, మాకేం అభ్యంతరం లేదు” అన్నాడు కంపెనీ మనిషి. యుగంధర్ ముఖం నల్లబడిపోయింది. అది రాసిన కాగితం మీద అతనూ సంతకం చేశాడు. మెట్లు దిగాక మాత్రం, కారు తలుపు తీస్తూ అన్నాడు.

“పదిమందిలో నన్ను దొంగని సేసీసినావు! ఇన్నాళ్లు కాపరం సేసి నన్ను మోసం సేసినావు గౌరీ! నువ్వు బస్సులో రా.”

కారు వెళ్లిపోయింది. గౌరి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా ఏడుస్తూ నడిచింది. ఎవరు చూస్తే ఏం...!

ఆమె ఇంటికి వెళ్లలేదు. నరసన్నపేటలో దిగి, ఆటో పట్టుకుని తిన్నగా వదిన ఊరు చేరింది. అమ్మడు అంతా విన్నది.

“తమ్ముడేడీ?”

“కారులో ఎల్లిపోయినాడు.”

“నిన్నొదిలీసా!”

అంతే! అమ్మడు మరదల్ని గుండెకు హత్తుకుని బావురుమంది. “ఓలమ్మో... నిన్ననుమానించినానే తల్లీ! ఆ డబ్బు మేం తీసుకుంటాం. ముష్టి కాదు గదా, మా రెక్కలది. ఒద్దనను. కానీ ఆడి సేత్తో ఒక్క రూపాయి ఇచ్చినా నాకు పండగయ్యేది గదే! నానెత్తి పెంచినోడు... పరాయోణ్ణి సేసీసినాడే నన్ను!”

గౌరి వదిన కళ్లు తుడిచింది. ఇద్దరూ ఒక్క కంచంలో ఇంత చద్దన్నం తిన్నారు. “ఇక్కడే ఉండిపో” అంది అమ్మడు. “ఎల్తాను వదినా. నా ఇల్లే గదా అదీ” అంది గౌరి.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. యుగంధర్ వీధి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎక్కడికెళ్లావని అడగలేదు. ఆమె పక్కనుంచి లోపలికి పోతుంటే, తల ఎత్తకుండానే నెమ్మదిగా అన్నాడు.

“అప్ప... ఏటన్నాది?”

గౌరి ఆగింది.

“అప్ప నీది. ఎల్లి నువ్వే అడుగు.”

అతను లేవలేదు. గౌరి లోపలికి వెళ్లి, ఇద్దరికీ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.