అయిదు వోల్టుల అబద్ధం

"మళ్ళీ ఆగిపోయిందా, లేక మీరే ఆపేశారా?"

గుమ్మంలో అడుగుపెడుతూనే అడిగిందా అమ్మాయి. భుజాన పనిముట్ల సంచి, చేతిలో వోల్టులు కొలిచే మీటరు. ఆ చుట్టుపక్కల వీడియో గేమ్ మెషీన్లు బాగుచేసేది ఆమె ఒక్కతే. అందరూ మీటరమ్మాయి అంటారు.

గేమ్ పార్లర్ కౌంటర్లోని అబ్బాయి తెల్లబోయాడు. పొద్దస్తమానం టోకెన్లు ఇస్తూ కూర్చుంటాడని అతనికి టోకెన్ అన్న పేరే స్థిరపడిపోయింది.

"నేనెందుకు ఆపుతానండీ?"

"ఏమో! నా ముందు బుద్ధిగా ఆడుతుంది. నేను వెళ్ళగానే ఆగిపోయిందని ఫోన్ చేస్తారు. నన్ను ఆటపట్టిస్తున్నారా?"

గొడవంతా మూలనున్న, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే కార్ల రేసు మెషీన్ గురించి. ఆట మంచి పట్టులో ఉండగా తెర నల్లబడి, మళ్ళీ మొదటికొస్తోంది. పార్లర్ నడిపే అతని పెద్దమ్మకు ఓపిక నశించింది. ఇవాళ బాగవకపోతే తుక్కు కింద ఇచ్చేస్తానని తేల్చి చెప్పింది. చిన్నప్పుడు కాళ్ళు అందక, పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని స్టీరింగ్ తిప్పిన మెషీన్ అది. టోకెన్‌కు ప్రాణం ఒప్పడం లేదు.

మీటరమ్మాయి వెనక తలుపు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, మీటరు తీగలు బోర్డుకు ఆనించింది.

"సరిగ్గా అయిదు వోల్టులు."

"అయిదుంటే మంచిదే కదా?" టోకెన్ తొంగిచూశాడు.

"మంచిదే. కొంచెం తగ్గితే బోర్డు ఆడుతున్న ఆట మర్చిపోతుంది. ఎక్కువైతే మాడిపోతుంది."

"అయితే వోల్టులు మార్చే ఈ స్క్రూ తిప్పి కాస్త పెంచి ఉంచితే?"

"చెయ్యి తీయండి!" ఆమె అతని మణికట్టు పట్టుకుని లాగేసింది. "జబ్బేంటో తెలియకుండా మందేస్తారా?"

పట్టుకున్న చెయ్యి వదలాలని కాసేపు ఇద్దరికీ తోచలేదు.

ఆమె గబుక్కున వదిలేసి, మెషీన్ వైపే చూస్తూ ఆలోచనలో పడింది. "నేనున్నప్పుడు వెనక తలుపు తెరిచి ఉంటుంది. లోపల చల్లగా ఉంటుంది. వెళ్ళేటప్పుడు మూసేస్తాను, లోపల వేడెక్కుతుంది..." కళ్ళు మెరిశాయి. అంతలోనే ముఖం వాడిపోయింది. "కాదు. పోయినసారి పొద్దున్నే, పార్లర్ తెరవగానే ఆగిపోయిందన్నారుగా. అప్పుడు వేడెక్కడిది? బోర్డే పోయుంటుంది. ఇలాంటిది ఇప్పుడు దొరకదు. మీ పెద్దమ్మగారికి అదే చెప్పేస్తాను."

టోకెన్ ఇరుకున పడ్డాడు. నిజం చెప్తే ఈ అమ్మాయి ఇంక తన ముఖం చూడదు. చెప్పకపోతే మెషీన్ తుక్కులోకి పోతుంది.

"అదీ... ఆ రోజు ఆగలేదండీ."

"ఏంటీ?"

"మిగతావన్నీ నిజమే. ఆ పొద్దున మాత్రం బాగానే ఆడుతోంది. ఊరికే పిలిచాను."

ఆమె విసురుగా లేచింది. "ఆ ఒక్కదాని గురించి ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నానో తెలుసా? తిట్టడం తర్వాత. ముందొచ్చి ఇక్కడ కూర్చోండి!"

మీటరు తీగలు బోర్డుకు తగిలించి, సందులోంచి బయటికి లాగి, తలుపు మూసేసింది. మీటరు ఇద్దరి మధ్యా పెట్టుకుని ఆట మొదలుపెట్టారు.

"నా కారుకు అడ్డం రాకండి!" అందామె.

"మీరు మీటరు చూడండి. రోడ్డు సంగతి నాకొదిలేయండి."

ఆట మీద ఆట సాగింది. పోట్లాడుకుంటూనే నవ్వుకున్నారు. ఇంతలో అంకె జారసాగింది. నాలుగు పాయింట్ తొమ్మిది. ఎనిమిది. ఇద్దరి చూపూ మీటరు మీదే. ఇంకాస్త జారిందో లేదో, తెర నల్లబడింది.

"ఆగిపోయింది!" ఇద్దరూ ఒక్కసారే గంతేశారు. మెషీన్ ఆగినందుకు అంత సంబరపడ్డవాళ్ళని ఆ పార్లర్ ఎన్నడూ చూడలేదు.

ఆమె చటుక్కున తలుపు తెరిచి, ఈసారి కరెంటు బయల్దేరే పవర్ సప్లై దగ్గర కొలిచింది. అక్కడ అయిదు చెక్కుచెదరలేదు.

"అక్కడ నిండుగా ఉంది, బోర్డు దగ్గరికొచ్చేసరికి తగ్గిపోతోంది. అంటే దారిలోనే!"

వైరు వెంట వేలు పోనిచ్చింది. బోర్డుకు తగిలించే కనెక్టర్లో ఒక పిన్ను మాడి, వదులై ఉంది. వేడెక్కినప్పుడల్లా దాని పట్టు సడలుతోంది. కనెక్టర్, దాని వైరు కొత్తవి వేసి తలుపు మూసింది. ఆ తర్వాత ఎంతసేపు ఆడినా తెర నల్లబడలేదు. పెద్దమ్మ స్వయంగా కూర్చుని, దొరికిన కారునల్లా గుద్దేసి, "సరే, దీన్ని ఉండనీ" అంది.

మీటరమ్మాయి సంచి సర్దుకుంటూ ఆగింది. "ఇంతకీ ఆ రోజెందుకు పిలిచారు?" గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటమే.

"మీరు పని చేస్తూ మెషీన్‌తో మాట్లాడతారు. 'ఏమైందమ్మా నీకు, చెప్పు' అంటారు. ఆ మాట మళ్ళీ వినాలనిపించింది."

"అదా సంగతి!" పెద్దమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. "వీడు టోకెన్లు తప్పుగా లెక్కపెడుతున్నాడేంటా అనుకుంటున్నా."

మీటరమ్మాయి సంచి భుజాన వేసుకుంది. ఎర్రబడ్డ ముఖం దాచుకుంటూ వెళ్ళిపోయింది.

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె ఎదుటి షాపు చూరు కింద ఆగి, పార్లర్ అద్దంలోంచి ఇటే చూస్తోంది. టోకెన్ ఆమెకు ఫోన్ చేశాడు.

"హలో, ఏం పాడైంది?"

"ఏమీ పాడవలేదండీ. మీతో మాట్లాడాలని. మీరంటే నాకిష్టం."

చూరు కింద ఆమె తలెత్తి వాన వైపు చూసింది.

"మీ దగ్గర గొడుగుందా?"

"రెండున్నాయండీ."

"ఒక్కటే తీసుకురండి."