ఉదయం 6:12కు పోయిన సీటు

జూన్ 25, బుధవారం. ఉదయం 10:20.

పోయిన వస్తువు ఏమని రాయాలో కానిస్టేబుల్ భీమక్కకు తోచలేదు. పెన్ను పట్టుకుని ఎస్.ఐ. కృపారాణి వైపు చూసింది.

"పీహెచ్‌డీ సీటు అని రాయి," అంది కృపారాణి.

"సీటు యాడికి పోతుంది మేడమ్?"

"అదే తెలుసుకోవాలి."

కల్లూరు పక్కనున్న ఆ స్టేషన్‌లో బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో శివజ్యోతి, ఇరవై మూడేళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి, చదివిన కాలేజీలోనే ల్యాబ్ డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేస్తోంది. ఎడమవైపు ఆమె తల్లి హనుమంతమ్మ. కోసిగి దగ్గర పల్లెలో కూలి పని. పొద్దున మొదటి బస్సెక్కి వచ్చింది. కుడివైపు ఆ కాలేజీ ఫిజిక్స్ హెచ్.ఓ.డి. ఉమామహేశ్వర. ఫిర్యాదు రాసింది ఆయనే. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఒక్క కొట్టివేత లేదు.

కృపారాణి చదివింది.

ఉత్తరాదిలోని ఒక ఖగోళ పరిశోధన సంస్థ. ఈ ఏడాది ఐదే సీట్లు. శివజ్యోతి ఫిబ్రవరిలో పరీక్ష రాసింది. మేలో ఇంటర్వ్యూకు వెళ్లింది. జూన్ 2న సీటు వచ్చింది. ఒప్పుకుంటున్నట్టు తెలపడానికి జూన్ 20 గడువు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రావాలని ఆగింది. జూన్ 16న సర్టిఫికెట్ వచ్చింది. వెబ్‌సైట్ తెరిచింది.

'మీరు జూన్ 14న సీటు వదులుకున్నారు' అని ఉంది.

అదే రోజు ఆమె అడిగితే ఆ సంస్థ పంపిన మెయిల్ ప్రింట్ ఫిర్యాదు కింద జతచేసి ఉంది. వదులుకున్న సమయం 06:12 UTC. ఫిర్యాదులో ఉమామహేశ్వర రాసిన వాక్యం ఇది: 'తేదీ 14, శనివారం ఉదయం 6 గంటల 12 నిమిషాలకు ఎవరో ఈ అమ్మాయి పేరుతో లాగిన్ అయ్యి సీటు వద్దని నమోదు చేశారు.'

"మా పాప రెండేండ్లు మిద్దె మీద సలిలో కూచ్చోని సుక్కల్ని సూసి రాసుకునె మేడమ్," అంది హనుమంతమ్మ. "ఆ సదువుకే పిలిచిరి. ఇప్పుడేమో నువ్వే వద్దంటివి అంటాండారంట. వద్దనే పిల్ల అంత తిప్పలు యాల పడుతుంది?"

"ఫిర్యాదు ఇవ్వాలని ఎవరన్నారు?"

"నేనే. సార్ పోలీసులెందుకమ్మా అన్యాడు. నేనే కాళ్లు మొక్కి పిల్సుకోనొస్తి. నాకు రాయను రాదు గదా."

కృపారాణి శివజ్యోతి వైపు తిరిగింది.

"వదులుకుంది నువ్వు కాదు కదా?"

"కాదు మేడమ్."

"లాగిన్ కావడానికి ఏమేం కావాలి?"

"అప్లికేషన్ నంబర్, పుట్టిన తేదీ. ఫోన్‌కు ఓటీపీ వస్తుంది."

"నీ ఫోన్‌కే?"

"నా ఫోన్‌కే."

"ఆ రోజు ఓటీపీ మెసేజ్ వచ్చిందా?"

శివజ్యోతి బల్ల అంచు చూసింది. "ఫోన్‌లో మెసేజ్ లేదు."

కృపారాణి ఫోన్ తీసుకుని చూసింది. నిజమే, లేదు.

ఆ అమ్మాయి ఏడవడం లేదు. భయపడటం లేదు. అడిగినదానికి జవాబు చెప్పి, మళ్లీ గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంటోంది. కృపారాణికి అది నచ్చలేదు.

ఉమామహేశ్వర గొంతు సవరించుకున్నాడు. "వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ప్రణీతది మేడమ్. ఈమె క్లాస్‌మేట్. రూమ్మేట్ కూడా. ఈమె సీటు ఖాళీ అయితే వచ్చేది తనకే. వచ్చింది కూడా. నేనెవరినీ అనడం లేదు. ఉన్న సంగతి చెబుతున్నాను."

"ప్రణీత కాదు," అంది శివజ్యోతి.

ఎవరూ అడగకుండా ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"నీకెట్లా తెలుసు?"

శివజ్యోతి మళ్లీ క్యాలెండర్ వైపు తిరిగింది.

మధ్యాహ్నం 1:15.

ఆ సంస్థకు ఫోన్ చేస్తే అడ్మిషన్స్ అధికారి స్పష్టంగా చెప్పాడు. వివాదం తేలేదాకా ప్రణీత సీటు ఆపి ఉంచారు. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు జాబితా మూసేస్తారు. ఈలోగా పోలీసుల నుంచి నివేదిక రాకపోతే ఆ సీటు ఇద్దరికీ ఉండదు.

మధ్యాహ్నం 2:40.

కల్లూరులో కొత్త ఇళ్ల వరుస. పై అంతస్తులో ఒకే గది. ప్రణీత సగం సర్దిన సూట్‌కేసు పక్కన కూర్చుని ఉంది. రాజంపేట అమ్మాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పద్నాలుగో తేదీ పొద్దున ఆరూ పన్నెండుకు ఎక్కడున్నావు?"

"ఈడే. నిద్రపోతాండా."

"శివజ్యోతి?"

"తనూ నిద్రే."

"ఫోన్లు?"

"ఇద్దరివీ కిటికీలో చార్జింగ్ పెడ్తాం."

"తన అప్లికేషన్ నంబర్ తెలుసా?"

"ఇద్దరం ఒకే దినం, పక్కపక్కన కూర్చోని అప్లై చేసినాం మేడమ్. అన్నీ తెలుసు." ప్రణీత సూట్‌కేసు మూత వేసింది. "మీరు ఏమడిగినా నా మీదికే వస్తాండాది. నాకు తెలుసు. కానీ నేను చేయలేదు. సీటు వచ్చిందని మెయిల్ చూసి, ఐదు మందిలో ఎవరో మానుకున్నారనుకున్యా. జ్యోతిదని తెలిసినంక నాకు అన్నం దిగలా."

"తను నిన్నేమైనా అందా?"

"ఏమీ అనదు. అంటే బాగుండు. పది దినాల నుంచి గోడపక్కకు తిరిగి పండుకుంటాది."

జూన్ 26, గురువారం. సాయంత్రం 4:30.

సైబర్ సెల్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, మీరడిగింది పద్నాలుగో తేదీ పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా కదా? ఆ నంబర్‌కు ఆ అరగంటలో ఒక్క ఎస్సెమ్మెస్ కూడా రాలేదు."

"సరిగ్గా చూశారా?"

"రెండుసార్లు చూశాం."

కృపారాణి ఫోన్ పెట్టేసింది. ఓటీపీ లేకుండా లాగిన్ కుదరదు. ఆరూ పన్నెండుకు లాగిన్ అయినట్టు రికార్డు ఉంది. ఆ సమయానికి ఓటీపీ రాలేదు.

ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పు.

జూన్ 27, శుక్రవారం. ఉదయం 9:05.

కృపారాణి మళ్లీ ఆ గదికి వెళ్లింది. శివజ్యోతి గోడవైపు తిరిగి పడుకుంది. హనుమంతమ్మ తలుపు దగ్గర కూర్చుని ఉంది.

అలమరలో నోటుబుక్కులు వరసగా ఉన్నాయి. కృపారాణి ఒకటి తీసింది. ప్రతి పేజీలోనూ గీసిన గళ్లు. తేదీ, సమయం, ఒకే ఒక నక్షత్రం పేరు, దాని వెలుగు ఎంత తగ్గింది, ఎంత పెరిగింది. రెండు వందల పైచిలుకు రాత్రుల లెక్క. అన్నీ శివజ్యోతి చేతిరాతే.

ఒక గడి దగ్గర కృపారాణి వేలు ఆగింది.

"ప్రణీతా, ఇటు రా. ఇక్కడ సమయం 14:40 అని ఉంది. మధ్యాహ్నం రెండు నలభైకి చుక్క ఎట్లా కనపడింది?"

ప్రణీత దగ్గరకొచ్చి చూసింది. రెండు వాక్యాల్లో చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఈ పద్ధతి మీకెవరు నేర్పించారు?"

"ఉమామహేశ్వర సార్. మొదటి క్లాసులోనే."

మంచం మీద శివజ్యోతి కదల్లేదు. కానీ కళ్లు తెరిచి ఉన్నాయి.

కృపారాణి మెట్లు దిగుతూనే సైబర్ సెల్‌కు ఫోన్ చేసింది. "ఇంకో టైముకు చూడండి. ఇప్పుడే కావాలి."

ఉదయం 11:30. కాలేజీ.

అటెండర్ ఉరుకుందప్ప ల్యాబ్ తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు.

"పద్నాలుగో తేదీ ఇక్కడ ఏం జరిగింది?"

"ప్రాక్టికల్ పరీక్షలు మేడమ్. పది నుంచి ఒంటిగంట దాకా."

"శివజ్యోతి ఉందా?"

"ల్యాబ్‌లోనే ఉండె. బయటికే రాలా."

"ఆమె ఫోన్?"

"పరీక్షప్పుడు ఎవరి కాడా ఫోను ఉండగూడదు మేడమ్. పిల్లోళ్లవీ మేడమోళ్లవీ అన్నీ ట్రేలో ఏసి సార్ రూములో పెడ్తాం."

"సార్ రూములో ఎవరున్నారు?"

"సార్ ఒక్కడే. పదకొండున్నరప్పుడు నన్ను జిరాక్స్‌లకు పంపె. నేనొచ్చేసరికి పన్నెండు దాటె."

మధ్యాహ్నం 3:10.

హెచ్.ఓ.డి. గది. శివజ్యోతి, హనుమంతమ్మ, ప్రణీత ఒక వరసలో కూర్చున్నారు. తలుపు దగ్గర భీమక్క. తన కుర్చీలో ఉమామహేశ్వర.

"ఏమైనా తేలిందా మేడమ్?"

"తేలింది సార్." కృపారాణి మెయిల్ ప్రింట్ ఆయన ముందు పెట్టింది. "06:12 పక్కన మూడు అక్షరాలున్నాయి. యూటీసీ. నేనూ చదివాను. ఏదో కంప్యూటర్ కోడ్ అనుకుని వదిలేశాను. ఆ మూడక్షరాలకు అర్థమేమిటి?"

ఆయన ప్రింట్‌ను పక్కకు జరిపాడు.

"ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైమట. నక్షత్రాలను చూసేవాళ్లు ఆ టైములోనే రాసుకుంటారట. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అందుకే ఈ అమ్మాయి రాత్రి ఎనిమిదీ పదికి చూసిన చుక్క నోటుబుక్కులో 14:40 అయింది. ఆరూ పన్నెండుకు ఐదున్నర కలిపితే ఎంత సార్?"

"పదకొండూ నలభై రెండు," అంది ప్రణీత.

"పదకొండూ నలభై ఒకటికి ఓటీపీ వచ్చింది. సైబర్ సెల్ చెప్పింది. ఆ సమయానికి ఫోన్ ఈ గదిలో, ఈ బల్ల మీద, ట్రేలో ఉంది. ఓటీపీ చూడటానికి ఫోన్ తెరవనక్కర్లేదు. పైనే కనపడుతుంది. అప్లికేషన్ నంబర్, పుట్టిన తేదీ మీరిచ్చిన సిఫార్సు లేఖలో ఉన్నాయి."

"ఇది ఊహ మేడమ్."

"కావచ్చు. కానీ యూటీసీ తెలియక నేను పొరపాటు పడటం వేరు. మీరు దాన్ని మొదటి క్లాసులోనే పాఠం చెబుతారు. అలాంటి మీరు 'ఉదయం 6 గంటల 12 నిమిషాలకు' అని మీ చేత్తో రాశారు. ఎందుకు?"

"కంగారులో..."

"ఆ ఫిర్యాదులో ఒక్క కొట్టివేత లేదు సార్. ఉదయం అని రాస్తే మేం ఆ అమ్మాయి గదిలోకి చూస్తాం. ఈ గదిలోకి చూడం."

ఉమామహేశ్వర కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరూ పీహెచ్‌డీ చేస్తున్నారని కాలేజీలో చెప్పారు. ఎప్పుడు సబ్మిట్ చేయాలి?" అని అడిగింది కృపారాణి.

"డిసెంబర్."

"దేని మీద?"

ఆయన తల దించుకున్నాడు. జవాబు శివజ్యోతి నుంచి వచ్చింది.

"నేను చూసిన చుక్క మీద."

ఆమె కృపారాణి వైపు తిరిగింది.

"నేను ఆడికి పోతే ఆ చుక్క గురించే చెప్తా కదా మేడమ్. ఎవరు చూసి రాసింది అని వాళ్లు అడుగుతారు. సార్ తనే చూసినట్టు రాసుకున్యాడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"పదహారో తేదీ. మెయిల్ చూసిన నిమిషమే. కలుపుకున్యా. ఆ టైముకు ఫోను యాడ ఉండిందో గుర్తొచ్చె. ఓటీపీ మెసేజ్ నేనే తీసేసినా."

"ఎందుకు?"

"చూడబుద్ధి కాలా." ఆమె గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "ఇంకెవరన్నా అయింటే అరిచేదాన్ని. సార్ అనేసరికి లోపల ఏమీ కదల్లేదు. ఆకాశంలో ఏది యాడుంటుందో నాకు చూపించింది సారే కదా."

ప్రణీత ఆమె వైపు తిరిగింది. "నన్ను దొంగంటాంటే కూడా చెప్పబుద్ధి కాలేదా?"

"నువ్వు కాదని చెప్తినే."

"అంతేనా?"

శివజ్యోతి తల అడ్డంగా ఊపింది. "లేదు. ఎవరో కూడా చెప్పాల్సింది. అది నా తప్పే."

ఉమామహేశ్వర మెల్లగా అన్నాడు. "ఒక్క ఏడాది అనుకున్నా జ్యోతీ. వచ్చే ఏడు నేనే దగ్గరుండి రాయిద్దామనుకున్నా. నేనూ మూడుసార్లు ఇంటర్వ్యూలకు పోయి వెనక్కొచ్చినవాణ్నే. నలభై ఆరేళ్లకు ఇది చేతికొచ్చింది."

హనుమంతమ్మ ఇంతసేపూ ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఉంది. ఇప్పుడు లేచి నిలబడింది. అరవలేదు.

"మొన్న నీ కాళ్లు మొక్కితినే సార్," అంది. "అప్పుడన్నా చెప్పుండకూడదా?"

ఆయన కళ్లద్దాలు తీసుకుని, స్టేషన్‌కు బయల్దేరడానికి లేచాడు. భీమక్క తలుపు తెరిచింది.

సాయంత్రం 4:20కి కృపారాణి నివేదిక పంపింది. 4:50కి సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. స్టేషన్ వరండాలో ముగ్గురు ఆడవాళ్లూ లేచి నిలబడ్డారు.

"ప్రణీత తప్పేమీ లేదు కాబట్టి తనకిచ్చిన సీటు తనకేనట. ఐదూ నిండిపోయాయి, ఇప్పుడు ఇంకో సీటు పుట్టించలేమన్నారు. శివజ్యోతిని వచ్చే ఏడాది సీటుకు జనవరిలోనే, రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పిలుస్తారట. అంతకంటే మాట ఇవ్వలేమన్నారు."

"ఇంకా పది నిమిషాలుండాది," అంది ప్రణీత. "నేను వద్దని రాస్తే జ్యోతికిస్తారేమో అడగండి మేడమ్."

"ఎవరూ ఇంకేమీ వద్దని రాయొద్దు," అంది శివజ్యోతి. "నువ్వు పో."

ప్రణీత ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. శివజ్యోతి ఏడవలేదు. ఒక చెయ్యి ఎత్తి ప్రణీత వీపు మీద వేసి, అలాగే ఉంచింది.

ప్రణీత షేర్ ఆటో ఎక్కి వెళ్లాక కృపారాణి అడిగింది. "ఆయన మీద కోపం లేదా నీకు?"

"తెలీదు మేడమ్."

ఆటో పోయిన వైపు చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఆకలైతాండాది."

హనుమంతమ్మ ఆ మాట వినగానే కృపారాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"పదకొండు దినాలాయ మేడమ్, ఈ పిల్ల ఆ మాట అని."

ఎదురుగా ఉన్న హోటల్లో ఆ వేళకు పూరీ తప్ప ఇంకేమీ లేదు. శివజ్యోతి రెండు ప్లేట్లు తింది. హనుమంతమ్మ ఎదురుగా కూర్చుని, నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని, చివరి ముక్క దాకా చూస్తూ ఉండిపోయింది.