డెబ్బై నాలుగోసారి

చంద్రుడి మీద ఉదయమంటే దీపాల రంగు మారడమే. పంకా గదిలో దీపాలు పసుపుకు తిరిగేసరికి ఇంజనీరు వకుళ టీ గ్లాసుతో కంపనిక ముందు కూర్చుంది. గ్లాసులో టీ సన్నగా వణుకుతోంది.

పక్కన తిరుగుతున్నది ప్రాణపంకా. కాలనీలో మూడు వందల మందికి, వకుళ కూతురు ఆరేళ్ల తారణికి కూడా, గాలి దానిదే. దాని ఇరుసును మోసే బేరింగులో ఉక్కు గోళీలు దొర్లుతుంటాయి. వాటి దారిలో ఆవగింజంత గుంట పడినా, దాటిన ప్రతి గోళీ టిక్కుమంటుంది. ఆ కంపనాలను కొలిచి, బేరింగు ఇంకెన్నాళ్లు బతుకుతుందో చెప్పే యంత్రం కంపనిక. తిరుగుతుండగా బేరింగు విరిగితే పంకా ముక్కలే, ఇక గాలి రాదు. పంకా ఆపాలంటే ముందు కంపనికే ప్రమాదమని ఒప్పుకోవాలి. మనుషులు ఊరికే కంగారుపడతారని పెద్దలు పెట్టిన తాళమది.

తెర మీద పచ్చరంగు. "బాగుంది. ఇంకా తొమ్మిది వేల గంటలు," అంది కంపనిక.

వకుళకు నమ్మబుద్ధి కాలేదు. స్క్రూడ్రైవరు మొనను బేరింగు పెట్టెకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంది. లోపల ఇసుక నమిలినట్టు గరగర!

పై అధికారి పరాంకుశానికి ఫోన్ చేసింది. "సార్, బేరింగు పోతోంది!"

"పొద్దున్నే ఏం గోలమ్మా? పచ్చగానే ఉందిగా!" అని ఆయన పెట్టేశాడు.

వకుళ యంత్రం మీద విరుచుకుపడింది. "అబద్ధమెందుకు చెప్తున్నావే?"

"మీరు నేర్పిందే. డెబ్బై మూడు సార్లు ప్రమాదమన్నాను. ప్రతిసారీ 'తప్పుడు హెచ్చరిక' మీట నొక్కారు. నా లెక్కే తప్పనుకుని దిద్దుకున్నాను."

"ఎవరు నొక్కారు?"

"పరాంకుశం గారు పన్నెండుసార్లు. మిగతావన్నీ మీరే."

వకుళ ఆ మీట వైపు చూసింది. నిజమే. పంకా ఆపితే నాలుగు గంటలు అందరూ మాస్కుల్లో కూర్చోవాలి. తారణి ఒకటే ఏడుపు. ఎందుకొచ్చిన గొడవలే అని నొక్కేసేది. పోనుపోను తెర ఎర్రబడితే చాలు, వేలు దానంతటదే వెళ్లేది.

"నీకు దండం పెడతాను. దిద్దుబాట్లన్నీ తీసేసి చెప్పు."

"మళ్లీ తప్పనరు కదా?"

"అననే తల్లీ! చెప్పు!"

తెర ఎర్రబడింది. తాళం వీడింది. వకుళ ఆపే మీట లాగింది. పంకా ఆగడానికి పావుగంట పడుతుంది.

"బేరింగు విరగడానికి ఎంతసేపుంది?"

"పదకొండు నిమిషాలు."

"కాదు," అంది వకుళ, ఏడుస్తూ. "అంతకంటే ఎక్కువే ఉంటుంది. తారణి బడిలో ఉంది. కాదు!"

ఆమె ఎర్రటి తెర వైపు చూస్తుండగానే వేలు వెళ్లి 'తప్పుడు హెచ్చరిక' మీట నొక్కేసింది.

"దిద్దుకున్నాను," అంది కంపనిక. తెర పచ్చబడింది. తాళం పడింది. పంకా మళ్లీ వేగం అందుకుంది.